సూర్యకాంతమ్మగారి సర్వీసు రిజిస్టరు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా డిసెంబరు 17న అనకాపల్లిలో జరిగిన కుటుంబ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ రోజున మనం 1982 డిసెంబరు 17 నాటి నకారా కేసు తీర్పును తలచుకుంటాం. పెన్షను ప్రభుత్వంవారి దయాధర్మం కాదు, ఉద్యోగి హక్కు అని సుప్రీంకోర్టు చెప్పిన రోజు. ఆ తీర్పు గురించీ, కరువుభత్యం సంగతీ నాకంటె ముందు మాట్లాడినవారు చెప్పేశారు. కార్యదర్శిగారు నాకు వేరే పని అప్పగించారు. “ఈసారి కుటుంబాలతో రమ్మన్నాం గురువుగారూ. ఎంతసేపూ జీవోల గురించే అయితే ఆడవాళ్లు మళ్లీ రారు. టీవీలో హాస్యం సీరియళ్లు ఉంటాయి కదా, అలాంటి వాటిలో వేసిన నటీమణుల మీద ఓ అరగంట మాట్లాడండి” అన్నారు. సరేనని ఒప్పుకున్నాను. ముప్పై ఏడేళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. పై నుంచి వచ్చిన కాగితాన్ని వెనక్కి పంపే అలవాటు లేదు.

మా మనవరాలిని అడిగితే సెల్ ఫోనులో అమెరికావాళ్ల పాత సీరియల్ ఒకటి చూపించింది. పేరు ‘ఐ లవ్ లూసీ’. నలుపు తెలుపు బొమ్మ. లూసిల్ బాల్ అనే ఆవిడ నాయిక. 1951 అక్టోబరులో మొదలై 1957 దాకా నడిచిందట. ఆవిడ అప్పటికి నలభయ్యో పడిలో ఉంది. సినిమాల్లో చాలా ఏళ్లుగా ఉన్నా పెద్ద తార కాలేకపోయిన మనిషి. ఇంట్లో భర్తకి తెలియకుండా ఏదో ఒక తలతిక్క పని మొదలెట్టి ఇరుక్కుపోయే ఇల్లాలిగా వేసి దేశం దేశమంతా నవ్వించింది. సీరియల్ నడుస్తుండగా ఆవిడకు నిజంగానే కడుపొస్తే, కథలోనూ అదే పెట్టారు. కానీ గర్భిణి అనే మాట టీవీలో పలకడానికి వీల్లేదన్నారు కంపెనీవాళ్లు! 1953 జనవరిలో ఆ పురుడు వచ్చిన భాగాన్ని నాలుగు కోట్ల పైచిలుకు మంది చూశారంటారు. తరవాత 1962లో భర్త వాటా కూడా కొనేసి స్టూడియోకి తనే అధిపతి అయింది. భాష పూర్తిగా అర్థం కాకపోయినా నేను పది నిమిషాలు నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ, ఈ కళ్లు తిప్పడం, ఈ గొంతు మార్చడం నేనెక్కడో చూశాననుకున్నాను. ఎక్కడో ఏమిటి, ఇక్కడే, ఈ ఊళ్లోనే, పదకొండేళ్లప్పుడు నేల టిక్కెట్టులో కూర్చుని చూశాను.

మన తెలుగులోనూ హాస్యం సీరియళ్లు వచ్చాయి. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చిన ‘అమృతం’ మా ఇంట్లో ఆదివారం పూట అందరం కలిసి చూసేవాళ్లం. అయితే, టీవీ మన ఇళ్లకు రాకముందే, వారం వారం కాకపోయినా సినిమా సినిమాకీ అదే మనిషిగా వచ్చి, మనింట్లో మనిషైపోయిన నటి ఒకావిడ ఉన్నారు. ఎనభైల్లో టీవీ పెట్టెలు వచ్చాక ఆ పాత సినిమాలన్నీ మళ్లీ ముందు గదిలోకే వచ్చాయి. రిటైరైనవాళ్లను మళ్లీ ఉద్యోగంలోకి తీసుకున్నట్టు, టీవీ ఆవిడ చేత రెండో సర్వీసు చేయించింది, ఇప్పటికీ చేయిస్తోంది. కాబట్టి ఆవిడ సినిమా మనిషే అయినా నా విషయం ఆవిడే. రేపటి తేదీ డిసెంబరు 18. 1994లో ఆ రోజున సూర్యకాంతంగారు పోయారు. 2024 అక్టోబరు 28కి ఆవిడ పుట్టి నూరేళ్లు నిండాయి. అందుకని ఆవిడ సర్వీసు రిజిస్టరు ఒకసారి తెరుద్దామని నా మనవి.

మొదటి పేజీ. పేరు: పొన్నాడ సూర్యకాంతం. పుట్టిన తేదీ: 28-10-1924. స్వగ్రామం: కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురం. తల్లిదండ్రులకు పధ్నాలుగో సంతానం అంటారు. చిన్నప్పుడే పాట, ఆట నేర్చుకున్నారు. సినిమా పోస్టర్లు చూసి ఆశపడి మద్రాసు చేరారు. మొదటి నియామకం జెమినీ స్టూడియోలో, ‘చంద్రలేఖ’ సినిమాకి నాట్యం చేసే గుంపులో ఒకరుగా. నెలకు అరవై అయిదు రూపాయలు ఇస్తామన్నారట. ఆవిడ చాలదని చెప్పి డెబ్బై అయిదు చేయించుకున్నారని చెబుతారు. అమ్మలారా, ఈ పది రూపాయలు గుర్తుపెట్టుకోండి. కొత్తగా చేరిన ఆడపిల్ల, ఊరు కాని ఊళ్లో, అంత పెద్ద స్టూడియోలో నిలబడి, ఈ జీతం చాలదండీ అని నోరు విప్పింది. మనలో ఎంతమందిమి మొదటి నెల జీతం దగ్గర నోరు విప్పాం?

1946లో ‘నారద నారది’లో చిన్న వేషం, అదే ఏడు ‘గృహప్రవేశం’లో కాస్త మంచి వేషం. కథానాయిక కావాలనే ఆవిడకీ ఉండేది. ‘సౌదామిని’లో అవకాశం వచ్చిందనీ, కారు ప్రమాదంలో ముఖానికి దెబ్బ తగలడంతో అది పోయిందనీ చెబుతారు. బొంబాయి నుంచి కూడా ఒక పిలుపు వచ్చిందట. తీరా చూస్తే వేరే నటిని తప్పించి ఆ వేషం తనకిస్తున్నారని తెలిసి, ఇంకొకరి ఉసురు పోసుకుని నేను పైకి రానక్కర్లేదని వదిలేశారట. ఇవన్నీ సినిమావాళ్లు చెప్పగా పత్రికల్లో చదివినవే. నేను మద్రాసు వెళ్లి సాక్షి సంతకం పెట్టినవి కావు.

1950 డిసెంబరు ఆఖరున ఎల్.వి. ప్రసాద్‌గారి ‘సంసారం’ విడుదలైంది. రామారావు, నాగేశ్వరరావు, లక్ష్మీరాజ్యం. అందులో గయ్యాళి అత్త వేషం సూర్యకాంతంగారిది. అప్పటికి ఆవిడ వయసు ఇరవై ఆరు. ఇరవై ఆరేళ్ల పిల్లని అత్తగారి సీట్లో కూర్చోబెట్టారు. మళ్లీ ఆ సీటులోంచి లేవనివ్వలేదు.

ఇక్కడ నాకు గుమాస్తా బుద్ధి పుట్టి ఒక సీనియారిటీ లిస్టు వేశాను. వినండి. అక్కినేని నాగేశ్వరరావుగారు పుట్టింది 1924 సెప్టెంబరు 20. సూర్యకాంతంగారికంటె అయిదు వారాలు పెద్ద. రామారావుగారు 1923 మే, ఏడాదిన్నర పెద్ద. ఎస్.వి. రంగారావుగారు 1918 జులై, ఆరేళ్లు పెద్ద. ఇప్పుడు పదవులు చూడండి. 1957లో ‘మాయాబజార్’ వచ్చినప్పుడు రంగారావుగారు ఘటోత్కచుడు, ఆయనకంటె ఆరేళ్లు చిన్నదైన సూర్యకాంతంగారు ఆయన తల్లి హిడింబి! 1962లో ‘గుండమ్మ కథ’ నాటికి నాగేశ్వరరావుగారికీ ఆవిడకీ ఇద్దరికీ ముప్పై ఏడేళ్లు. ఆయన తోటలో జమునగారితో పాటలు పాడుకునే కుర్రవాడు. ఆవిడ ఆయనకు పిల్లనిచ్చిన అత్తగారు. ఒకే ఏడాది పుట్టినవాళ్లలో ఒకరికి ప్రమోషన్ మీద ప్రమోషన్, ఇంకొకరిని చేరిన రోజే సూపరింటెండెంటు చేసి అక్కడే ముప్పై, నలభై ఏళ్లు ఉంచేశారు. ఆవిడ ఆ కుర్చీలోనే కూర్చుని ఆ కుర్చీకి విలువ తెచ్చారు, అది వేరే సంగతి.

ఆ పనితనం ఏమిటో కొంచెం చెప్పుకుందాం. ఆవిడది ఎడమచేతి వాటం. మాట్లాడేటప్పుడు ఆ ఎడమచెయ్యి గాలిలో తిప్పుతూ విదిలిస్తారు. మనకి ఎడమచెయ్యి చూపించి మాట్లాడడమంటేనే అమర్యాద. అంచేత డయలాగు మొదలు కాకముందే సగం తిట్టు అయిపోయేది. గొంతు సంగతి సరేసరి. కోడలిని కసురుతూ పైస్థాయిలో ఉన్న గొంతు, వీధిలోంచి డబ్బున్న చుట్టం వస్తే ఒక్క రెప్పపాటులో తేనెలోకి దిగిపోతుంది. మధ్యలో ఊపిరి తీసుకున్నట్టు కూడా కనపడదు. ఇంకో విశేషం, ఎంత గయ్యాళి వేషమైనా మొహం వికృతంగా పెట్టలేదు, మాటలో బూతు రానివ్వలేదు. గోదావరి జిల్లా మాట ఒంట్లో ఉంది కదా, సామెత మీద సామెత దొర్లిపోయేది. పక్కన రేలంగిగారో రమణారెడ్డిగారో ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. రమణారెడ్డిగారు ఎండిన చెరకుగడలా ఉండేవారు, ఈవిడ నిండుగా బెల్లం దిమ్మలా ఉండేవారు. (మన ఊరి పోలిక, ఏమనుకోకండి.) ‘తోడికోడళ్లు’లో రేలంగిగారితో చూడండి, మొగుణ్ణి మాట్లాడనివ్వకుండానే ఆయన చేత అన్నీ చెప్పించేస్తుంది ఆ ఇల్లాలు.

ఇంత బాగా చేసినందుకు ఆవిడకు దక్కినదేమిటంటే శాపనార్థాలు. మా ఊళ్లో ‘గుండమ్మ కథ’ ఆడినప్పుడు నాకు పదకొండేళ్లు. ఆడవాళ్లకి వేరే వైపు. నేను మా అమ్మ కొంగు పట్టుకుని అటే కూర్చున్నాను. సావిత్రి చేత గుండమ్మ చాకిరీ చేయిస్తుంటే, “ఓలమ్మో, దీని నోరు పడిపోనూ, దీనికి రోకలిబండ ఎవులూ ఎయ్యరేటి” అని పక్కనున్నావిడ పైకే తిట్టింది. ఆ మాటకి ముందు వరసలో నలుగురు వంత పాడారు. తెర మీది మనిషిని తిడుతున్నామని ఎవరికీ లేదు. తరవాత అది తెర దాటి పేరుకే అంటుకుంది. సూర్యకాంతం ఎంత చక్కని పేరండీ! సూర్యకాంతమంటే ఒక మణి, ఒక పువ్వు. ఆ పేరు ఇంక ఆడపిల్లలకు పెట్టకుండా చేశారని గుమ్మడిగారు సరదాగా అన్నారంటారు. సరదా కాదు, నిజం. మా అత్తవారి వైపు ఒకావిడది ఆ పేరే, సినిమాలకు ముందు పెట్టినది. పెళ్లిచూపుల నాటికి ఇంట్లోవాళ్లు సూర్య తీసేసి ‘కాంతమ్మ’ అని పిలవడం మొదలెట్టారు. ఓటరు లిస్టులో, రేషను కార్డులో ఒకలా, పిలుపు ఒకలా. చివరికి పెన్షను కాగితాల్లో రెండు పేర్లూ ఒక్క మనిషివేనని అఫిడవిట్టు కావలసి వచ్చింది.

సినిమా రంగంలో మాత్రం ఆవిడ మనసు ఎలాంటిదో అందరికీ తెలుసు. షూటింగుకి ఇంటి నుంచి క్యారేజీలు తెచ్చి అందరికీ కొసరి కొసరి వడ్డించేవారట. చిత్తూరు నాగయ్యగారిని ఒక సినిమాలో నానా మాటలూ అనవలసి వచ్చింది. షాటు అయిపోగానే ఆయన కాళ్ల మీద పడి క్షమించమని కంటతడి పెట్టుకున్నారనీ, అది నువ్వన్నావా తల్లీ, పాత్ర అన్నదిగాని, అని ఆయన ఓదార్చారనీ చెబుతారు. భర్త పెద్దిభొట్ల వెంకట చలపతిరావుగారు న్యాయరంగంలో పనిచేసినవారు. ఇంటి మర్యాద ఇంటిదే, వేషం వేషమే. ఇవి మనలో చాలామంది విన్నవే కాబట్టి ఇక్కడితో ఆపుతాను. ‘తెర మీద రాక్షసి, ఇంట్లో దేవత’ అని ప్రతి వ్యాసంలోనూ రాస్తారు. నాకు ఆ మాట అంతగా నచ్చదు. ఆవిడ మంచిదని చెప్పడం కోసం ఆవిడ వేసిన వేషాలన్నీ చెడ్డవని మళ్లీ ముద్ర వెయ్యడమే కదా. నేను ఆ వేషాన్నే ఇంకోసారి చూడమంటాను.

గుండమ్మ దగ్గరకి వద్దాం. 1962 జూన్ 7న విడుదల. విజయావారి చిత్రం, కమలాకర కామేశ్వరరావుగారి దర్శకత్వం, డి.వి. నరసరాజుగారి మాటలు. మూలం కన్నడం, గుండమ్మ అన్నదీ కన్నడం వైపు పేరే. రామారావుగారికి అది నూరో సినిమా, నాగేశ్వరరావుగారికి తొంభై తొమ్మిదోది. అంతటి ఇద్దరు కథానాయకులు ఉండగా, సావిత్రి, జమున, రంగారావు ఉండగా, సినిమాకి ఆ అత్తగారి పేరు పెట్టారు. మన దేశంలో ఎన్ని సినిమాలకు అలా జరిగింది?

మీరు చాలాసార్లు చూశారు. అయినా ఒక్క సంగతి అడుగుతాను. ఆ గుండమ్మ ఎవరు? వితంతువు. చేతిలో ఆస్తి ఉంది. ఒక సవతి కూతురు, ఒక సొంత కూతురు, ఒక కొడుకు. ఇంట్లో అండగా నిలిచే మగదిక్కు లేదు. సలహా చెప్పడానికి వచ్చేవాడు రమణారెడ్డి వేసిన గంటయ్య. వాడి చూపు ఎంతసేపూ ఆ ఆస్తి మీదే. సవతి కూతురిని పనిమనిషిని చేసింది, అది అన్యాయం. అందులో రెండో మాట లేదు. కాని ఆవిడ అంత పెద్ద గొంతు పెట్టుకుని ఎవరినైనా గెలిచిందా చూడండి. గంటయ్య మోసం చేశాడు. పనివాడిగా వచ్చిన రామారావుగారు బుట్టలో పెట్టాడు. నాగేశ్వరరావుగారు నాటకమాడి కూతుర్ని చేసుకున్నాడు. ఆఖరికి కొడుకు పెళ్లాం మేనత్తగా ఛాయాదేవి వచ్చి ఇంట్లో పెత్తనం చేపట్టి ఆవిడనే ఏడిపించింది. సినిమా మొత్తం మీద గుండమ్మ అంత అమాయకురాలు ఇంకొకరు లేరు! ఆ సంగతి మనకి తెలిసేలా చేసింది ఎవరు? మాటల్లో అంతా లేదు. గంటయ్య పొగిడినప్పుడు ఆవిడ మొహం చిన్నపిల్ల మొహంలా విప్పారుతుంది. ఎవరైనా గట్టిగా ఎదురు తిరిగితే గొంతు అదే స్థాయిలో ఉంటుంది గాని, కళ్లు మాత్రం ఒక అడుగు వెనక్కి వేస్తాయి. అరుపు కింద భయం ఉంది. సూర్యకాంతంగారు ఆ రెండూ ఒకేసారి చూపించారు. అందుకే తిట్టుకుంటూ కూడా నవ్వాం. ఆఖరున సవతి కూతురే వచ్చి ఆవిడను విడిపిస్తే, రోకలిబండ వెయ్యమన్న మా పక్కావిడ కూడా కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇది నేను నా కళ్లతో చూశాను.

ఈ మాట నాకు ఊరికే తోచలేదు. నా ఉద్యోగం చెప్పింది. డెబ్బైల చివరలో నేనొక తాలూకా ఆఫీసులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. భర్త పోయిన ఆడవాళ్లు భూమి పేరు మార్పు కోసం వచ్చేవారు. ఒకావిడ బాగా గుర్తు. రెండెకరాల చెరకు భూమి, ముగ్గురు చిన్నపిల్లలు. మరుదులు ఆ రెండెకరాలూ ఉమ్మడిదని అర్జీ పెట్టారు. ఆవిడ వారానికోసారి వచ్చి వరండాలో నిలబడి, “ఏటి బాబూ నా కాయితం, ఎన్ని మాట్లు తిప్పుతారు, నా బిడ్డల నోట్లో మట్టి కొడతారా” అని ఆఫీసు పెంకులు లేచిపోయేలా అరిచేది. ఆవిడ మెట్లెక్కుతుంటే బంట్రోతు లోపలికొచ్చి, “సూరీకాంతం వచ్చేసిందండోయ్” అని చెప్పేవాడు. అందరూ తలలు వంచేసుకునేవారు. ఆ గోల భరించలేకే ఆ ఫైలు కదిలింది. నలుగురి చేతులూ మారి, సంతకాలు పడి, భూమి ఆవిడ పేరనే నిలిచింది. తరవాత ఒకసారి బెల్లం మార్కెట్టు దగ్గర కనిపించి, పెద్దవాడు చదువుకుంటున్నాడు బాబూ అని చెప్పింది. అంత నెమ్మదిగా మాట్లాడగలదని నాకప్పుడే తెలిసింది.

అదే రోజుల్లో ఇంకొకావిడ కూడా వచ్చేది. నోట్లో నాలుక లేని మనిషి. గోడవార నిలబడి, ఎవరూ పిలవకపోతే సాయంత్రం దాకా అలాగే ఉండి వెళ్లిపోయేది. ఎంత మర్యాదస్తురాలో అనేవారు మావాళ్లు. ఆవిడ బావగారు ఏ కాగితం మీదో వేలిముద్ర వేయించుకున్నాడు. అంతే, ఇంక ఆవిడ రాలేదు.

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చి భర్త ఆస్తిలో తనకొచ్చే వాటా మీద భార్యకి సంపూర్ణ హక్కు ఇచ్చింది. ‘గుండమ్మ కథ’ దానికి ఆరేళ్ల తరవాతది. చట్టం పుస్తకంలో ఉంది, ఆఫీసు వరండాలో మాత్రం నోరే ఉంది. నోరున్న ఆడదానికి మనం పెట్టిన పేరు గయ్యాళి.

దీని మీద నిన్న మన సంఘంలోని ఒక సోదరి, ఉపాధ్యాయినిగా పనిచేసి రిటైరైనవారు, నాతో వాదించారు. “మీరు చెప్పేది బాగానే ఉంది అన్నయ్యగారూ. కాని ఆవిడ సినిమాలు చూసీ చూసీ అత్త పెట్టే ఆరళ్లు అంటే జనానికి నవ్వులాట అయిపోయింది. నిజం ఇళ్లల్లో కోడళ్లు పడ్డ బాధకి ఎవరు నవ్వుతారు?” అన్నారు. కాదనలేను. సినిమాలో ఆఖరి రీలులో అత్తగారికి బుద్ధి వస్తుంది, కోడలు కాళ్లకి దణ్ణం పెడుతుంది, శుభం కార్డు పడుతుంది. బయట ఆఖరి రీలు లేదు. లేదు కాబట్టే 1961లో కట్నం నిషేధ చట్టం, అది చాలక 1983లో శిక్షాస్మృతిలో 498-ఎ సెక్షను తేవలసి వచ్చింది. ఆ సోదరి చెప్పిన మాటలో ఉన్న న్యాయం అలాగే ఉండనివ్వండి. నేను చెప్పేదల్లా, ఆ కథలు రాసినవారు, తీసినవారు, టిక్కెట్టు కొని చూసిన మనం, అందరం ఉండగా బదనాం మాత్రం వేషం కట్టిన ఒక్క మనిషి పేరుకే చుట్టేశామని. ‘సంసారం’ తరవాత నిర్మాతలు ఆవిడకు ‘కోడరికం’, ‘అత్తా ఒకింటి కోడలే’, ‘అత్తగారు కొత్తకోడలు’ అంటూ అత్త చుట్టూనే పాత్రలిచ్చారు. భానుమతిగారు అత్తగారి మీద ఎంత చల్లని కథలు రాశారో మనకి తెలుసు. అలాంటి అత్తగారి వేషం సూర్యకాంతంగారికి ఇంకో నాలుగు దొరికి ఉంటే ఏం చేసేవారో అని నాకనిపిస్తుంది. ‘మాయాబజార్’ హిడింబిని చూడండి. రాక్షసి వేషమన్న పేరేగాని, కొడుకుని చూసి మురిసిపోయే ఆ తల్లిలో గయ్యాళితనం వీసమెత్తు లేదు.

రిజిస్టరులో చివరి పేజీలు. 1974లో రంగారావుగారు, రమణారెడ్డిగారు, 1975లో రేలంగిగారు పోయారు. ఆవిడ ఎదుట నిలబడి మాటకి మాట వెయ్యగలవాళ్లు రెండేళ్లలో లేకుండా పోయారన్నమాట. అయినా ఆవిడ మానలేదు. కొత్తవాళ్లతో వేశారు. 1994లో వచ్చిన ‘ఎస్.పి. పరశురామ్’ దాకా, అంటే ‘నారద నారది’ నుంచి లెక్కిస్తే నలభై ఎనిమిదేళ్ల సర్వీసు. మనకి యాభై ఎనిమిదో ఏట సన్మానం చేసి, శాలువా కప్పి, గోడ గడియారం ఇచ్చి పంపించేశారు. ఆవిడకు రిటైర్మెంటు లేదు, పెన్షనూ లేదు. పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంవారు గౌరవ డాక్టరేటు ఇచ్చారు, సావిత్రిగారి పేరు మీద పురస్కారమూ వచ్చింది. పద్మ పురస్కారం మాత్రం రాలేదు. అదే ఏడాది పుట్టిన నాగేశ్వరరావుగారికి పద్మవిభూషణ్ దాకా వచ్చింది. ఆయన అర్హత మీద నాకే సందేహమూ లేదు, ఆయన అభిమానిని. సీనియారిటీ లిస్టు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు గుమాస్తాకి ఆ గడి ఖాళీగా కనిపిస్తుంది, అంతే.

‘గుండమ్మ కథ’ మళ్లీ తీద్దామని తరవాత తరాలవాళ్లు చాలాసార్లు అనుకున్నారు. రామారావుకి దొరికాడు, నాగేశ్వరరావుకి దొరికాడు, గుండమ్మ ఎక్కడ దొరుకుతుందని ఆగిపోయారని చెప్పుకుంటారు. ఏ అవార్డూ అంత మాట చెప్పదు.

ఇంకొక్క మాట, ఇది మగవాళ్లతో. మనలో చాలామందికి డెబ్బై దాటింది. మన తరవాత ఫ్యామిలీ పెన్షను కాగితాలు పట్టుకుని ట్రెజరీ మెట్లెక్కవలసింది ఇదిగో ఈ ముందు వరుసల్లో కూర్చున్నవాళ్లే. మీ పి.పి.ఓ. ఎక్కడుందో, అందులో ఆవిడ పేరు, పుట్టిన తేదీ ఆధారు కార్డుతో సరిపోయాయో లేదో ఈ వారంలో చూడండి. కిందటేడు మన సంఘానికి వచ్చిన కేసుల్లో సగం పేరు తేడావే. ఆవిడను ఒకసారి కూడా తీసుకెళ్లి ఆ కిటికీ ఏదో చూపించండి. అక్కడ గుమాస్తా రేపు రమ్మంటే, ఎందుకు రావాలి బాబూ, ఏ కాగితం తక్కువైందో రాసివ్వండి అని అడగమనండి. గట్టిగానే అడగమనండి. ఇంట్లో ఎప్పుడైనా ఆవిడను సూర్యకాంతం అని ఎగతాళి చేసినవాళ్లు ఈ సభలో ఎవరెవరున్నారో నేను అడగను. వాళ్ల ఇళ్లవాళ్లు పక్కనే ఉన్నారు.

మా ఇంటావిడ ఈ ప్రసంగం నిన్న రాత్రి విని, అంతా బాగుంది గాని, రోట్లో పప్పు రుబ్బే సన్నివేశం చెప్పలేదేమని అడిగింది. రామారావుగారు నిక్కరు వేసుకుని రుబ్బురోలు దగ్గర కూర్చున్నది. అది నేను చెప్పడం కంటె మీరు చూడడమే మేలు. టిఫిన్లు అయ్యాక ఇక్కడే తెర కట్టి ‘గుండమ్మ కథ’ వేస్తున్నారు. వినికిడి తక్కువైనవాళ్లు కుడివైపు పెట్టె దగ్గర కూర్చోండి, అది గట్టిగా వినిపిస్తుంది. ఉప్మా అయిపోకముందే నన్ను దిగిపొమ్మని కార్యదర్శిగారు చీటీ పంపారు.